ఏడు వందల ఏళ్లు గోడలను నెట్టిన కప్పు

1834 ఆగస్టులో ప్రోస్పెర్ మెరిమే అనే ఫ్రెంచి రచయిత బర్గండీ ప్రాంతంలో, కొండ మీద ఉన్న వెజలే అనే ఊరికి వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు ముప్పయ్. దేశంలోని చారిత్రక కట్టడాలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి చెప్పమని ప్రభుత్వం ఆ ఏడాదే ఆయనకు ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి ఇచ్చింది. ఊరి చర్చిలో కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే, పైనుంచి చిన్న చిన్న రాళ్లు ఊడి తన చుట్టూ పడుతున్న చప్పుడు వినబడిందని ఆయన తర్వాత తన యాత్రా పుస్తకంలో రాశాడు. గోడలు ఒరిగాయి, పగిలాయి, తేమకు పాడయ్యాయి. నిండా బీటలు వారిన ఆ కప్పు ఇంకా ఎలా నిలబడి ఉందో అర్థం కావడం కష్టమన్నాడు.

మెరిమే తర్వాత ‘కార్మెన్’ కథ రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఆ రోజు వేసుకున్న ప్రశ్న మాత్రం సాహిత్యానిది కాదు, భౌతికశాస్త్రానిది. 18 మీటర్ల ఎత్తున, సిమెంటు కాంక్రీటు గానీ ఉక్కు చట్రం గానీ లేకుండా, రాళ్లు పేర్చి కట్టిన వంపు కప్పు ఎలా నిలబడుతుంది? అలా నిలబడిన కప్పే తనను మోసే గోడలను ఎందుకు పడగొట్టబోతుంది? ఈ రెంటికీ జవాబు ఒకటే కావడం వెజలే కథలో అసలు విశేషం.

కొండ, ఊరు, యాత్రికులు

వెజలే పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పుడు అక్కడి జనాభా ఐదు వందల లోపే. చుట్టూ పొలాలు, ద్రాక్షతోటలు, అడవులు. కొండ కింద మొదలైన ఒకే ఒక్క పెద్ద వీధి ఎక్కుతూ ఎక్కుతూ చివర చర్చి ముందు ఆగుతుంది. అంత చిన్న ఊళ్లో 120 మీటర్ల పొడవున్న చర్చిని చూస్తే, ఇంత కట్టడం ఇక్కడెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది.

కారణం యాత్రికులు. తొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ మఠం ఏర్పడింది. పదకొండో శతాబ్దానికి మగ్దలేనే మరియ అస్థికలు ఇక్కడే ఉన్నాయన్న నమ్మకం స్థిరపడింది. స్పెయిన్‌లోని సాంటియాగో ద కంపోస్తెలాకు కాలినడకన వెళ్లే నాలుగు ప్రధాన దారుల్లో ఒకటి ఈ కొండ మీదే మొదలయ్యేది. యాత్రికులు పెరిగారు, రాబడి పెరిగింది, దానితో పాటు తగాదాలూ పెరిగాయి. కొత్త చర్చి పనికి పూనుకున్న ఆర్తో అనే మఠాధిపతిని, పన్నుల భారంతో విసిగిన ఊరి జనం 1106లో తిరగబడి చంపేశారు. 1120 జులైలో, మగ్దలేనే మరియ పండుగ వేళ, చర్చిలో మంటలు రేగి ఎంతోమంది యాత్రికులు చనిపోయారు.

ఆ అగ్నిప్రమాదం తర్వాత రెండు దశాబ్దాల్లో కట్టిందే ఇప్పుడు మనం చూసే ప్రధాన మండపం. యూరప్‌లో రోమనెస్క్ అని పిలిచే శైలి అది: అర్ధవృత్తాకారపు కమానులు, బరువైన గోడలు. పన్నెండో శతాబ్దం చివర్లో తూర్పు కొసను గోథిక్ శైలిలో తిరగ కట్టారు. అక్కడ కమానులు మొనదేలి ఉంటాయి, కిటికీలు పెద్దవి. పడమటి తలుపు దగ్గర నిలబడి చూస్తే గోధుమ రంగు, తెలుపు రాళ్లు ఒకటి విడిచి ఒకటి పేర్చిన గుండ్రటి కమానులు వరసగా కనిపిస్తాయి, వాటి చివర తెల్లటి గోథిక్ భాగం వెలుగుతూ ఉంటుంది. అరవై డెబ్బయ్యేళ్లలో నిర్మాణ విద్య ఎటు నుంచి ఎటు నడిచిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

మండపంలోకి వెళ్లే ద్వారం పైన సుమారు 1130 నాటి శిల్పం ఒకటుంది. క్రీస్తు చేతి వేళ్ల నుంచి కిరణాలు శిష్యుల మీదికి ప్రసరిస్తుంటాయి, వాళ్లు లోకంలోని జాతులన్నిటి దగ్గరికీ బయలుదేరబోతుంటారు. ఆ జాతుల్లో కుక్క తలల మనుషులున్నారు, ఒళ్లంతా కప్పేసేటంత చెవులున్నవాళ్లున్నారు, నిచ్చెన వేసుకుని గుర్రం ఎక్కే మరుగుజ్జులున్నారు. ఈ వింత మనుషుల్లో కొందరి చిరునామా మన దేశమే. భారతదేశం ఎన్నడూ చూడకుండానే భారతదేశం మీద పుస్తకం రాసిన తెసియస్ అనే గ్రీకు వైద్యుడు కుక్క తలల వాళ్లు ఇక్కడ ఉంటారన్నాడు. చెవులు పరుచుకుని పడుకునే మనుషుల మాట చంద్రగుప్తుడి కొలువుకు వచ్చిన మెగస్తనీస్ పేరు మీద ప్రచారంలో ఉంది. ఆ గాలికబుర్లు పదిహేను శతాబ్దాలు ప్రయాణించి బర్గండీ కొండ మీద రాతిలోకెక్కాయి.

1146 ఈస్టర్ రోజున సెయింట్ బెర్నార్డ్ ఇక్కడి కొండవాలున నిలబడి రెండో క్రూసేడ్‌కు పిలుపునిచ్చాడు. 1190లో మూడో క్రూసేడ్‌కు బయలుదేరుతూ ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజులిద్దరూ ఇక్కడే కలుసుకున్నారు. వెజలే వైభవానికి అది శిఖరం. 1279లో దక్షిణాన ప్రోవాన్స్‌లోని సెయింట్ మాక్సిమిన్ అనే చోట, అసలైన అస్థికలు మా దగ్గరే దొరికాయని ప్రకటించారు. యాత్రికులు అటు మళ్లారు. రాబడి పోతే మరమ్మతు కూడా పోతుంది. 1569లో మతయుద్ధాల దోపిడీ, ఆ తర్వాత ఫ్రెంచి విప్లవంలో మఠం భవనాల కూల్చివేత. చివరికి ఆ మహా కట్టడం ఒక చిన్న ఊరి చర్చిగా, ఊరి ఖజానా మోయలేని భారంగా మిగిలింది.

తోరణం తలకిందులైతే

రాయికి ఒక బలం ఉంది, ఒక బలహీనత ఉంది. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే తెగిపోతుంది. మధ్యరకం సున్నపురాయి చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్ల నొక్కుడును తట్టుకుంటుందనీ, దాని సాంద్రత ఘనపు మీటరుకు 2,300 కిలోలనీ అనుకుందాం. ఆ రాళ్లను నిటారుగా స్తంభంలా పేర్చుకుంటూ పోతే, అడుగు రాయి పైబరువుకు నలిగే లోపు స్తంభం దాదాపు 1.8 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. వెజలే కప్పు ఎత్తు అందులో వందో వంతు. కాబట్టి రాయి నలిగిపోతుందన్న భయం దాదాపు లేదు. రాతి కట్టడాలు కూలేది రాయి బలం చాలక కాదు, ఆకారం తప్పి. కేంబ్రిడ్జి ఇంజినీరింగ్ ప్రొఫెసర్ జాక్ హేమన్ 1966లో ఈ సంగతిని గణితంగా స్థిరపరిచాడు. రాయికి లాగుడు బలం సున్నా అనుకోండి, నొక్కుడు బలం అనంతం అనుకోండి, రాళ్లు ఒకదాని మీద ఒకటి జారవు అనుకోండి. ఇక మిగిలేది రేఖాగణితమే.

ఆ రేఖాగణితం మన గుమ్మంలోనే వేలాడుతోంది. పండుగకు కట్టే మామిడాకుల తోరణాన్ని చూడండి. దారానికి నొక్కుడును మోసే శక్తి లేదు, లాగుడును మాత్రమే మోస్తుంది. అందుకే తన బరువుకు తగిన వంపును అదే వెతుక్కుంటుంది. ఆ వంపును గట్టిపరిచి తలకిందులు చేశామనుకోండి, లాగుడంతా నొక్కుడుగా మారిపోతుంది. నొక్కుడే కదా రాయికి కావలసింది! వేలాడే దండనూ, రాతి ద్వారాన్నీ తెలుగులో తోరణం అనే ఒకే మాటతో పిలుస్తాం. భాష యాదృచ్ఛికంగా చేసిన పనే అయినా, కమాను సిద్ధాంతం మొత్తం ఆ మాటలో ఇమిడిపోయింది.

ఈ సూత్రాన్ని మొదట పట్టుకున్నవాడు రాబర్ట్ హుక్. స్ప్రింగు సాగుదల నియమంతో మనకు బడిలో పరిచయమైన ఆ హుక్కే. 1670ల్లో దీన్ని కనిపెట్టి, ఎవరూ కొట్టేయకుండా అక్షరాలను కలగాపులగం చేసి అచ్చువేశాడు. ఆ చిక్కుముడి విప్పింది ఆయన చనిపోయాకే. అంటే వెజలే మేస్త్రీలు కప్పు కట్టిన ఐదు వందల ఏళ్లకు గానీ, వాళ్లు కట్టింది ఎందుకు నిలబడిందో చెప్పే సూత్రం పుట్టలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. తోరణాన్ని రెండు మేకులకు కట్టినప్పుడు అది మేకులను కిందికి మాత్రమే లాగదు, లోపలికి, అంటే ఒకదాని వైపు ఒకదాన్ని లాగుతుంది. తలకిందులు చేసిన కమానులో ఆ లోపలి లాగుడు బయటి తోపుడు అవుతుంది. కమాను తనను మోసే రెండు గోడలను ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. రాత్రీ పగలూ, శతాబ్దాల పాటు.

ఎంత నెడుతుంది? సుమారు లెక్క ఇది: కమాను బరువును వెడల్పుతో గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించాలి. 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు, 20 టన్నుల బరువు ఉన్న కమాను అయితే ఒక్కో వైపు 5 టన్నుల తోపుడు. అదే బరువు, అదే వెడల్పు ఉంచి ఎత్తు మాత్రం 4 మీటర్లకు తగ్గితే తోపుడు నాలుగో వంతు పెరిగి 6.25 టన్నులు అవుతుంది. ఈ అంకెలు ఉదాహరణకే, కానీ ఎత్తు తగ్గితే తోపుడు పెరుగుతుందన్న విషయాన్ని గుర్తుంచుకోండి. వెజలే మీదికి ముంచుకొచ్చిన ముప్పు అదే. ఇంట్లోనే చూడొచ్చు: ఒక గొలుసు రెండు కొసలూ పట్టుకుని చేతులను మెల్లగా దూరం జరపండి. గొలుసు చదునయ్యేకొద్దీ చేతుల మీద లాగుడు పెరుగుతుంది. పూర్తిగా చదును చేయడం ఎంత బలవంతుడికైనా సాధ్యం కాదు.

వెలుతురు కోసం ఒక సాహసం

ఆ రోజుల్లో బర్గండీలో అందరికన్నా గొప్ప చర్చి క్లూనీ మఠానిది. దాని కప్పు సొరంగం ఆకారంలో ఉండేది. సొరంగం లాంటి కప్పు గోడ పొడవునా ప్రతి అంగుళాన్నీ నెడుతుంది. కాబట్టి గోడ మందంగా ఉండాలి, పైభాగంలో కిటికీలు పెట్టాలంటే ధైర్యం కావాలి. క్లూనీ వాళ్లు కమానును కాస్త మొనదేల్చి, అంటే ఎత్తు పెంచి, తోపుడు తగ్గించే ప్రయత్నం చేశారు. అయినా 1125లో అక్కడ కప్పు కొంత భాగం కూలింది.

వెజలే వాళ్లు వేరే దారి పట్టారు. మధ్య మండపాన్ని పది అంకణాలుగా విభజించారు. అంకణానికీ అంకణానికీ మధ్య అడ్డంగా ఒక పెద్ద గుండ్రటి కమాను. ఒక్కో అంకణం మీద రెండు సొరంగాలు ఒకదానికొకటి అడ్డంగా దూసుకుపోయినట్టుండే కప్పు. ఇలాంటి కప్పులో బరువు, తోపుడు రెండూ నాలుగు మూలలకు చేరతాయి. మూలల మధ్య గోడకు పెద్దగా పని ఉండదు, అక్కడ కిటికీ తెరవొచ్చు. అందుకే వెజలే మండపం ఆ కాలపు కట్టడాలతో పోలిస్తే ఎంతో వెలుతురుగా ఉంటుంది. పక్క నడవల మీద అంతస్తు లేకుండా, కిటికీలు నేరుగా మధ్య మండపంలోకి తెరుచుకుంటాయి.

కానీ అది ఊరికే వచ్చిన వెలుతురు కాదు. పక్క నడవల మీద అంతస్తు ఉండి ఉంటే, మధ్య కప్పు తోపుడుకు అదే కొంత దన్నుగా నిలిచేది. ఇక్కడ ఆ తోపుడంతా ఎత్తైన గోడ పైభాగంలో, వెలుపలి నుంచి ఏ అడ్డూ లేని చోట పడింది. పైగా కమాను పూర్తి అర్ధవృత్తం, క్లూనీలా మొనదేలినది కాదు. నన్నడిగితే ఈ మేస్త్రీలు తెలివైనవాళ్లే కాదు, తెగించినవాళ్లు కూడా. తోపుడు సంగతి వాళ్లకు తెలియక కాదు. గోడల లోపల పొడవునా చెక్క దూలాలు పొదిగారనీ, వాటికి ఇనుప కొక్కేలు తగిలించారనీ, కాలక్రమంలో ఆ చెక్క కుళ్లిపోయిందనీ తర్వాత మరమ్మతు చేసిన వాస్తుశిల్పి నమోదు చేశాడు. లాగుడును మోయలేని రాయికి తోడుగా, లాగుడును మోసే చెక్కనూ ఇనుమునూ పెట్టడం సరైన ఆలోచనే. మనం కాంక్రీటులో ఉక్కు కడ్డీలు పెట్టేది అందుకే. కాకపోతే రాతి వయసు వేరు, రాతి మధ్య తడి తగిలే చెక్క వయసు వేరు.

చెక్క పోయాక గోడలు మెల్లగా బయటికి ఒరిగాయి. గోడలు దూరం జరిగితే కమాను నడినెత్తి కిందికి దిగుతుంది. ఎత్తు తగ్గింది గనుక తోపుడు పెరుగుతుంది. తోపుడు పెరిగితే గోడలు ఇంకా ఒరుగుతాయి. గొలుసు ప్రయోగాన్ని తలకిందులుగా, శతాబ్దాల వేగంతో చూస్తున్నట్టు. గుండ్రంగా కట్టిన కమానులు నొక్కిన చక్రాల్లా అణిగాయి. ఆ అణిగిన వంపు ఇవాళ తల ఎత్తి చూసినా కొన్ని చోట్ల కంటికి తెలుస్తుంది.

మరి వెంటనే కూలిపోలేదేం? మెరిమే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. గోడలు కాస్త జరిగినప్పుడు కమాను మూడు చోట్ల పగులుతుంది: నడినెత్తిన లోపలి వైపు, రెండు భుజాల దగ్గర వెలుపలి వైపు. ఆ మూడు పగుళ్లూ మూడు కీళ్లలా, తలుపు బందుల్లా పనిచేస్తాయి. మూడు కీళ్ల కమాను పడిపోదు, కొత్త ఆకారంలో సర్దుకుంటుంది. నాలుగో కీలు ఏర్పడితేనే ప్రమాదం, అప్పుడది కట్టడం కాదు, కదిలే యంత్రం. అంటే బీట కనబడగానే కమాను పని అయిపోయిందనుకోనక్కర్లేదు. బీట అనేది రాయి తన కొత్త పరిస్థితికి తలవంచిన గుర్తు. మెరిమేను భయపెట్టిన బీటల్లో చాలా వాటి వల్లే ఆ కప్పు ఆ రోజు దాకా బతికింది.

కమాను ఎంత మందం ఉంటే చాలన్న లెక్క కూడా ఇక్కడే పుడుతుంది. తలకిందులు చేసిన తోరణపు వంపు, కమాను మందం లోపల ఎక్కడో ఒకచోట ఇమడాలి. అర్ధవృత్తం ఆ వంపుకు సరిగ్గా సరిపోదు, అందుకే కొంత మందం తప్పనిసరి. తన బరువును మాత్రమే మోసే అర్ధవృత్తపు కమానుకు మందం వ్యాసార్ధంలో కనీసం 10.75 శాతం ఉండాలని 1907లో లెక్క తేల్చారు. 5 మీటర్ల వ్యాసార్ధానికి అది దాదాపు 54 సెంటీమీటర్లు. భుజాల మీద రాళ్లూ సున్నమూ నింపితే ఇంకొంచెం తక్కువైనా చాలు. ఈ లెక్క తేల్చిన వ్యక్తి మిలుతిన్ మిలాంకోవిచ్. మంచుయుగాలకూ భూమి కదలికలకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టిన సెర్బియా శాస్త్రవేత్త ఆయనే. వాతావరణ చక్రాల జోలికి వెళ్లే ముందు ఆయన చదివిందీ చేసిందీ సివిల్ ఇంజినీరింగ్. ఆయన పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇరవై ఆరేళ్ల వైద్యుడు

గోథిక్ కాలం మేస్త్రీలు ఒరుగుతున్న గోడలను చూసి ఊరుకోలేదు. వెలుపలి నుంచి దన్ను కమానులు కట్టారు. గోడకు నేరుగా ఆనించే దన్ను గోడకు బదులు, గాల్లో సగం కమాను వేసి తోపుడును దూరాన ఉన్న స్తంభం మీదికి, అక్కడి నుంచి నేలలోకి దించే ఏర్పాటు ఇది. ఇంజినీర్లు దీన్నే ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. పారిస్ నోత్రదాం చర్చి చుట్టూ సాలీడు కాళ్లలా కనిపించేవి ఇవే. 1840 నాటికి వెజలే దన్ను కమానులూ పాడయ్యాయి.

ఆ ఏడాది మెరిమే పట్టుబట్టి ఈ పనిని యూజెన్ వయొలే-లె-డ్యూక్ అనే ఇరవై ఆరేళ్ల కుర్రాడికి అప్పగించాడు. పేరున్న కళాశాలలో చదవనని మొరాయించిన వ్యక్తి, అంతకుముందు ఇంత పెద్ద మరమ్మతు చేసిన అనుభవం లేదు. చిత్రంగా అదే 1840లో ఎదువార్ మెరీ అనే ఫ్రెంచి ఇంజినీరు, కమానులో నొక్కుడు ఏ దారిన వెళుతుందో గీత గీసి కనుక్కునే పద్ధతిని ప్రచురించాడు. సిద్ధాంతం అప్పుడప్పుడే కాగితం మీదికి వస్తోంది. వెజలే గోడలు దాని కోసం ఆగేలా లేవు.

ఇలాంటి కట్టడాన్ని బాగుచేయడంలో ఇబ్బంది ఏమిటంటే, దేన్ని ముట్టుకున్నా పక్కది కదులుతుంది. ఒక కమానును విప్పితే, ఇన్నాళ్లూ దాన్ని ఎదురు నెడుతూ నిలబడిన పక్క కమాను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. ముందు కింద చెక్క సెంట్రింగు కట్టాలి. కప్పు బరువు సెంట్రింగు మీదికి దిగాక, అప్పుడు రాళ్లు విప్పాలి. వయొలే-లె-డ్యూక్ పాత దన్ను కమానులను తీసి కొత్తవి కట్టించాడు, బాగా అణిగిన అడ్డ కమానులను విప్పి మళ్లీ వేయించాడు, పైకప్పును సరిచేయించాడు. పని 1859 దాకా సాగింది. చర్చి నిలబడింది, ఆయన పేరు నిలబడింది.

నోత్రదాంను తర్వాత బాగుచేసింది కూడా ఆయనే. 2019 ఏప్రిల్ 15 మంటల్లో కూలి, కింది రాతి కప్పును చీల్చుకుపోయిన శిఖరం ఆయన కట్టించిందే. ఆ ప్రమాదం తర్వాత ఇంజినీర్లు మొదట చేసిన పనుల్లో ఒకటి దన్ను కమానుల కింద చెక్క సెంట్రింగు పెట్టడం. లోపలి కప్పు పడిపోతే దన్ను కమానుకు ఎదురు నెట్టేది ఉండదు, అదే గోడను లోపలికి తోసేస్తుంది. 1840లో వెజలేలో ఎదురైన లెక్కే, 2019లో పారిస్‌లో రెండో వైపు నుంచి ఎదురైంది.

అయితే వయొలే-లె-డ్యూక్ బాగుచేయడంతో ఆగలేదు. మండపం తూర్పు కొస దగ్గర కొన్ని అంకణాల మీద మధ్యయుగంలోనే గోథిక్ కప్పులు వేసి ఉన్నాయి. వాటిని విప్పి, మిగతా మండపంతో కలిసిపోయేలా రోమనెస్క్ కప్పులు కట్టించాడు. దెబ్బతిన్న స్తంభ శిల్పాలను తీసి వాటి నకళ్లు పెట్టించాడు, అసలువి ఇప్పుడు చర్చి పక్క మ్యూజియంలో ఉన్నాయి. విప్లవంలో చెక్కేసిన పడమటి ముఖద్వారం మీద పందొమ్మిదో శతాబ్దపు కొత్త శిల్పం వచ్చింది. ఒక కట్టడాన్ని పునరుద్ధరించడమంటే, బహుశా ఏ కాలంలోనూ లేని సంపూర్ణ రూపాన్ని దానికి ఇవ్వడమని ఆయన తర్వాత బాహాటంగానే రాశాడు. ఇంగ్లండ్‌లో జాన్ రస్కిన్ దీన్ని ఒప్పుకోలేదు. పునరుద్ధరణ పేరుతో జరిగేది విధ్వంసమేనని 1849లోనే వాదించాడు. 1964 నాటి వెనిస్ ఒప్పందం, ఏ కాలంలో చేరిన భాగాన్నైనా గౌరవించాలనీ, కొత్తగా చేర్చింది కొత్తదిగా కనబడాలనీ తీర్మానించి రస్కిన్ వైపు మొగ్గింది.

ఈ వాదనలో నాకు వయొలే-లె-డ్యూక్ మీద కోపం సగమే. దన్ను కమానులు తిరగ కట్టకపోతే వాదించుకోవడానికి చర్చి మిగిలేది కాదు. గోథిక్ అంకణాలు తీసేయడం మాత్రం వేరు. భూమ్యాకర్షణ అడగని పని అది. ఒకే మండపంలో మేస్త్రీలు పాత పద్ధతి వదిలి కొత్త పద్ధతికి ఎప్పుడు, ఎలా మారారో చెప్పే సాక్ష్యం దానితో పోయింది.

జూన్ నెల వెలుతురు మరకలు

వెజలే పేరు ఇవాళ ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించేది ఈ కప్పు వల్ల కాదు, నేల మీద పడే వెలుతురు వల్ల. 1970ల్లో ఇక్కడి ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఒకరు ఒక సంగతి గమనించారు. జూన్ 21 ప్రాంతంలో నడి మధ్యాహ్నం దక్షిణపు పై కిటికీల నుంచి పడే ఎండ, మండపం నేల మీద సరిగ్గా నడుమ వరసగా మరకలు వేస్తుంది. తలుపు దగ్గర నుంచి చూస్తే తూర్పుకు దారి చూపే అడుగుల్లా ఉంటాయి. డిసెంబరులో అదే ఎండ ఎదుటి గోడ స్తంభాల పైభాగాన పడుతుంది.

లెక్క కష్టమైనది కాదు. వెజలే అక్షాంశం దాదాపు 47.5 డిగ్రీలు. జూన్ 21 నడి మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 లోంచి 47.5 తీసి 23.4 కలిపితే వచ్చేది, సుమారు 66 డిగ్రీలు. డిసెంబరులో 19 డిగ్రీలు. 66 డిగ్రీల ఎండ నడిగీత మీద పడాలంటే, కిటికీ నడిగీతకు ఎంత దూరంలో ఉందో దానికి దాదాపు రెండుంబావు రెట్ల ఎత్తులో ఉండాలి. వెజలే కిటికీలు ఆ నిష్పత్తికి సరిపోయాయి.

కావాలని చేశారా? చేసి ఉండొచ్చు. తూర్పు పడమరలుగా కట్టి దక్షిణాన ఎత్తులో కిటికీలు పెట్టిన ఏ చర్చిలోనైనా, ఆ వేళకు మరకలు వరసగానే పడతాయి. అవి సరిగ్గా నడుమ పడటమే ఇక్కడి ప్రత్యేకత. కానీ సరిగ్గా ఆ ఒక్క రోజే ఈ అద్భుతం జరుగుతుందన్న ప్రచారాన్ని మాత్రం లెక్క ఒప్పుకోదు. అయనాంతం దగ్గర సూర్యుడి ఎత్తు రోజు రోజుకీ అతి తక్కువగా మారుతుంది. జులై 1కి తగ్గేది సుమారు 0.3 డిగ్రీలు. కిటికీ 13 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే మరక జరిగేది పది సెంటీమీటర్ల లోపే. జూన్ రెండో వారం నుంచి జులై మొదలు దాకా ఎప్పుడు వెళ్లినా దాదాపు అదే దృశ్యం కనబడుతుంది.

ఇక మిలాంకోవిచ్. భూమి అక్షం వంపు స్థిరం కాదు, దాదాపు 41,000 ఏళ్ల చక్రంలో కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మంచుయుగాల లెక్కలో ఆయన వాడిన మూడు చక్రాల్లో ఇదొకటి. ఇప్పుడు తగ్గే దశలో ఉన్నాం, శతాబ్దానికి దాదాపు 47 ఆర్క్ సెకండ్లు, అంటే డిగ్రీలో డెబ్బయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. మండపం కట్టిన నాటి నుంచి ఇప్పటిదాకా మొత్తం 0.12 డిగ్రీలు. ఆనాటి జూన్ సూర్యుడు అంత మేరకు పైన ఉండేవాడు, కాబట్టి అదే 13 మీటర్ల కిటికీ నుంచి పడే మరక ఇప్పటి కన్నా దక్షిణంగా, గోడకు సుమారు మూడు సెంటీమీటర్లు దగ్గరగా పడేది. ఆ మూడు సెంటీమీటర్లను అక్కడికెళ్లి కొలవాలంటే చిక్కే. కప్పు నెట్టడంతో ఒరిగిన గోడలతో పాటు కిటికీలూ కదిలాయి.

చూడాలనుకునేవాళ్లు గడియారంలో పన్నెండింటికి వెళ్తే మరకలు ఇంకా నడుమకు చేరవు. వేసవి సమయం ముందుకు జరిపినందువల్ల వెజలేలో జూన్ 21న సూర్యుడు నడిమింటికి వచ్చేది గడియారం ప్రకారం మధ్యాహ్నం సుమారు 1.47కు.